పేరు చెప్పలేదు

మే 2, శుక్రవారం

దాచేపల్లి ఎండకు తల పగిలిపోతోంది. పిడుగురాళ్ళ దాటాక బస్సు కిటికీ మూసినా సిమెంటు దుమ్ము లోపలికి వస్తూనే ఉంది. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటే నీళ్ళు బూడిద రంగులో దిగాయి. అమ్మేమో "కాస్త పౌడరన్నా రాసుకుపోవే" అంటుంది. ఇంకా ఏం పౌడరు, దారిపొడవునా రాస్తూనే ఉన్నారు కదా.

ఈరోజు సలోమి అక్కతో రెండో విడత. ఆదిల్ భాయ్ టైలరింగ్ కొట్లో, పరదా వెనక కూర్చున్నాం. ఆమె అక్కడే మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఊరందరికీ మాది మహిళల ఆరోగ్య సర్వే. అసలు సంగతి సర్వేలో చేరిన ఆడవాళ్ళకు మాత్రమే తెలుసు. భర్త చేతిలో దెబ్బలు తిన్న మనిషి మళ్ళీ ఎలా కోలుకుంటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఎవరి దగ్గర నవ్వుతుంది, మేము అడిగేది అదే. మధ్యలో మగమనిషి ఎవరైనా వస్తే వెంటనే వంటనూనె ప్రశ్నల్లోకి దిగిపోవాలి. ట్రైనింగులో శ్రీదివ్య మేడమ్ మమ్మల్ని దాని మీదే ఎక్కువ తోమింది.

పోయిన విడతలో దేనికైనా "ఏమో మేడం" అనేది. ఈసారి మనిషే మారింది. నిద్ర పడుతోందా అంటే "పిల్ల పక్కలో పడుకుంటే పడతంది" అంది. ఎవరి దగ్గరైనా నవ్వుతారా అంటే "ఆదిల్ భాయ్ వాళ్ళావిడ నవ్విస్తది, కడుపుబ్బేటట్టు" అని అప్పుడే నవ్వింది. ఈ మధ్య మీ అంతట మీరు తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉందా అని అడిగాను. పరదా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. గుంటూరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు మనిషి కావాలట. ఉండడానికి గది కూడా ఇస్తారట. కూతురు నిఖితకు ఏడో తరగతి అయిపోయింది, బడులు తెరిచేలోగా పిల్లను తీసుకుని వెళ్ళిపోతుందట.

"ఆయనకు తెలిస్తే నన్ను బతకనియ్యడు మేడం. ఈ ముక్క ఆదిల్ భాయ్ వాళ్ళావిడకు చెప్పా. ఇప్పుడు మీకు. అంతే."

ఆ మాట అంటూ ఉండగానే పరదా పక్కకు జరిగింది. సుధీర్ బాబు. సలోమి అక్క భర్త, ఫ్యాక్టరీలో లారీల లోడింగు సూపర్‌వైజరు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. వాళ్ళ చర్చి సంఘంలో కీబోర్డు వాయిస్తాడు. "వందనాలు మేడం" అన్నాడు. నేను గుక్క తిప్పుకోకుండా "ఇంట్లో పల్లీ నూనె వాడతారా, పామాయిలా" అన్నాను. స్టూలు లాక్కుని కూర్చుని అన్నిటికీ తనే జవాబు చెప్పాడు. సలోమి అక్క సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంది. దారం ఎక్కలేదు. వెళ్ళేటప్పుడు నీళ్ళ సీసా మూత తీసి మరీ నా చేతికిచ్చాడు. ఇంత మర్యాదస్తుణ్ణి ఈ మధ్య చూడలేదు. ఆ నీళ్ళు తాగలేదు, బస్టాండులో పారబోశాను.

సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. "విన్నపాలేమన్నా ఉంటే చెప్పండమ్మా" అంది అమ్మ. షుగరు తగ్గాలని ఒకరు, కొడుక్కి కానిస్టేబులు ఉద్యోగం రావాలని ఒకరు. నాకు ఇంకా ఆ నీళ్ళ సీసాయే కనబడుతోంది. ఒక అక్క కష్టంలో ఉంది, ఆమె కోసం ప్రార్థించండి అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. చాలా బాగా ప్రార్థించారు. సుశీలమ్మ ఆంటీ అయితే ఏడ్చేసింది. మనసు తేలికపడింది.

పేరు చెప్పలేదు.

మే 6

మాచర్లలో సర్వే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఇద్దరూ "పనిలో ఉన్నాం, మళ్ళీ రా" అన్నారు. ఎండ.

మే 9, శుక్రవారం

కూడిక అయ్యాక సుశీలమ్మ ఆంటీ నా చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది. రెండిళ్ళ అవతల ఉంటుంది, ఒంటరి మనిషి. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా మొదట వెళ్ళేది ఆవిడే.

"ఆ దాచేపల్లి అమ్మాయి కోసరం వారమంతా ఉపవాసం ఉన్నానే. ఎట్టా ఉంది పాపం? ఆడపిల్లే గదా వాళ్ళకి?"

"అవునాంటీ, ఆడపిల్లే" అన్నాను.

దాచేపల్లి అని నేను చెప్పినట్టున్నాను. చెప్పే ఉంటాను. దాచేపల్లి ఏమైనా చిన్న ఊరా. ఫ్యాక్టరీలు, క్వారీలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి పడ్డారు. పెద్దావిడ అన్నం మానేసి ప్రార్థన చేస్తుంటే, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది కూడా దాస్తే బాగుండదు. ఆవిడ పేరు అడగలేదు, నేనూ చెప్పలేదు.

మే 14, బుధవారం

విడత అయ్యాక ఫోను చేసి బాగోగులు కనుక్కోవాలని మా రూలు. ఎత్తింది సలోమి అక్క కాదు.

"ఆరోగ్య సర్వే నుంచండీ, సలోమిగారున్నారా" అన్నాను, నేర్చుకున్న పాఠం ప్రకారం.

"నూనె గురించేనా మేడం" అన్నాడు సుధీర్ బాబు. గొంతు మెత్తగా ఉంది. "ఇంకేం గురించి అడుగుతారు మా ఆవిడని? నన్నడగండి, నేనే చెప్తాగా."

తర్వాత చేస్తానని పెట్టేశాను. మామూలుగానే మాట్లాడాడు. భార్య ఫోను భర్త ఎత్తడంలో వింతేముంది. మా నాన్న ఉన్నన్నాళ్ళూ అమ్మ ఫోను నాన్నే ఎత్తేవాడు.

మే 15

ఊరికే ఉండలేక దాచేపల్లి వెళ్ళాను. సలోమి అక్క మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆదిల్ భాయ్ మెడలో టేపు సవరించుకుంటూ వీధి వైపు చూసి మాట్లాడాడు.

"ఇంక రాదంటమ్మా. వాళ్ళాయన వచ్చి చెప్పిపోయాడు. ఊరికే చెప్పలా. ఆ మిషను ముందర కూర్చుని, చానాసేపు తొక్కుతా ఉన్నాడు. గుడ్డ లేదు, దారం లేదు. వట్టి మిషను."

భాయ్ భార్య లోపలి నుంచి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "ఆ పిల్లకి ఏమన్నా అయితే ఎవరు చూసుకుంటారు, మీ సర్వేవాళ్ళా" అంది.  బస్సుకు టైమైందని బయటపడ్డాను.

మే 16, శుక్రవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

కూడికకు సుశీలమ్మ ఆంటీ ముందే వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు విన్నపం పెట్టిన రోజే నాకు గుండె ఝల్లుమందే అమ్మాయ్. దాచేపల్లి, కీబోర్డు వాయించేవాడు, ఏడు చదివే ఆడపిల్ల. మా అన్న కొడుకు గాక ఇంకెవరు? వాడి పెళ్ళికి తలంబ్రాల బియ్యం కలిపింది నేనేగా. ఉపవాసం అయిపోంగానే పోయా. కూర్చోబెట్టి అడిగా. ఒరేయ్ సుధీరూ, నీ పెళ్ళాం పిల్లని తీసుకుని గుంటూరు హాస్టలుకి పోవాలని చూస్తందంట, అంత పని ఏం చేశావురా అని. వాడు నా కాళ్ళ మీద పడి ఏడ్చాడే. తల మీద చెయ్యేసి ప్రార్థన చేశా. ఇంక చెయ్యెత్తడు. దేవుడే నీ నోట పలికించాడు."

అమ్మ "స్తోత్రం" అంది. అందరూ "స్తోత్రం" అన్నారు.

సుశీలమ్మ ఆంటీ అతనికి మేనత్త. మా వీధిలో ఉంటుంది. నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది.

సరే, ఆ రోజు నేను ఏమన్నానో మొత్తం రాస్తాను. దాచేపల్లి అన్నాను. సంఘంలో కీబోర్డు వాయించే మనిషి, బయట దేవుడిలా ఉండి ఇంట్లో చెయ్యి చేసుకుంటాడు అన్నాను. ఏడు చదివిన కూతురు అన్నాను. గుంటూరు అన్నాను, హాస్టలు అన్నాను, బడులు తెరిచేలోగా అన్నాను. దారి తెరవబడాలని ప్రార్థించండి అన్నాను. అందరూ అయ్యో అయ్యో అంటుంటే నాకు ఇంకా చెప్పాలనిపించింది.

పేరు మాత్రం చెప్పలేదు.

మే 17

శ్రీదివ్య మేడమ్‌కి చెప్పాలి. ప్రాజెక్టు మొత్తం ఆమె చేతుల్లో ఉంది, ఏం చెయ్యాలో ఆమెకే తెలుస్తుంది. కానీ చెబితే నన్ను తీసేస్తారు. నన్ను తీసేస్తే సలోమి అక్కకు ఎవరున్నారు? కొత్త అమ్మాయిని పంపితే ఆమె నోరు విప్పుతుందా. కాబట్టి చెప్పకపోవడమే సలోమి అక్కకు మంచిది.

పైన రాసింది మళ్ళీ చదివాను. నా తెలివికి నాకే సిగ్గేసింది.

మే 20

మేడమ్‌కి ఫోను చేశాను. సలోమిగారి విషయం ఇంట్లో తెలిసినట్టుందని చెప్పాను. "ఎట్లా తెలిసింది" అని అడిగింది. తెలియదన్నాను.

మేడమ్ నన్ను ఇంక ఆ ఇంటి వైపు వెళ్ళొద్దంది. మళ్ళీ వెళితే అతనికి అనుమానం రుజువైనట్టేనట. సలోమిగారి మనసు తెలిసిన వాళ్ళెవరైనా దగ్గర్లో ఉన్నారా అని అడిగింది. ఆదిల్ భాయ్ భార్య ఉందన్నాను. "అయితే ఆవిడ ద్వారానే నడవాలి. ఆ ఒక్క దారి పోగొట్టుకోవద్దు" అంది.

మే 23, శుక్రవారం

తలనొప్పి అని చెప్పి గదిలో పడుకున్నాను. గోడ అవతల కూడిక. సుశీలమ్మ ఆంటీ గొంతు ఖంగున వినిపించింది. "ప్రభువా, మా సుధీర్‌నీ మా సలోమినీ..."

పేరు పెట్టి ప్రార్థిస్తున్నారు. దిండు చెవులకు అదుముకున్నాను.

మే 27, మంగళవారం

కొత్త నంబరు. సలోమి అక్క. గవర్నమెంటు ఆసుపత్రిలో ఉన్నాను, నర్సమ్మ ఫోను అడిగి చేస్తున్నానంది. గొంతు గబగబా వచ్చింది. ఫోను లాక్కున్నాడట. నిఖిత టీసీ, ఆధార్లు అన్నీ తీసి తన దగ్గర పెట్టుకున్నాడట. గుంటూరు హాస్టలుకు ఫోను చేసి, మా ఆవిడకి మతి సరిగా ఉండదు, పనిలో పెట్టుకుంటే మీ మీద కేసు పెడతానన్నాడట. ఆ పని పోయింది.

"కొడుతున్నాడా అక్కా?"

"చెయ్యెత్తటం లేదు మేడం. రోజూ పొద్దుగూకేళ వాకిట్లో మోకాళ్ళేసి, నలుగురూ చూసేటట్టు ప్రార్థన చేస్తన్నాడు. చూసినోళ్ళంతా నన్నే తిట్టిపోస్తన్నారు." నర్సమ్మని ఒక్క నిమిషమని బతిమాలింది. "మేడం, ఒక మాట అడుగుతా. మీరు గాని ఎవరికన్నా చెప్పారా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది.

"లేదక్కా. నీ పేరు నేనెక్కడా చెప్పలేదు" అన్నాను.

"అనుకున్నాలే. మీరట్టాంటోళ్ళు కాదు. అయితే ఆదిల్ భాయ్ వాళ్ళావిడే. ఇంకెవరికీ తెలీదుగా. నవ్విస్తా నవ్విస్తా గొంతు కోసింది. ఇంక ఆ గడప తొక్కను."

కాదక్కా, ఆవిడ కాదు అనేలోపే పెట్టేసింది. అనేలోపే అని రాశాను. కాదు. అనడానికి కావలసినంత సమయం ఉంది.

మే 28

లేదక్కా, అన్నాను.

మే 30, శుక్రవారం

అమ్మకు చెప్పాను. వంకాయలు తరుగుతోంది. చాకు పక్కన పెట్టింది.

"నలుగురం కూడి ఒక మనిషి కోసరం ఏడిస్తే తప్పెట్టా అయిద్దే" అంది.

"ఏడవడం తప్పు కాదమ్మా. నా వల్ల కాదు, ఇంకొకావిడ వల్ల జరిగిందని ఆమెను అనుకోనిచ్చాను."

అమ్మ తరిగిన ముక్కలు ఉప్పునీళ్ళలో వేసింది. తర్వాత "అయితే పో. పోయి చెప్పు. ఇక్కడ కూర్చుని రాసుకుంటే ఏమొచ్చుద్ది" అంది. అమ్మ ఈ మాట ఈ డైరీ గురించే అంది. నేను రాస్తున్నట్టు ఆమెకు తెలుసు.

జూన్ 1, ఆదివారం

ఆసుపత్రికి కాకుండా ఇప్పుడు ఆమెను ఇల్లు కదలనిచ్చేది ఆదివారం ప్రార్థన గుడికి మాత్రమే. అందుకని వాళ్ళ గుడికే వెళ్ళాను. సుధీర్ బాబు కీబోర్డు ముందు ఉన్నాడు. ఎంత బాగా వాయించాడో చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆరాధన అయ్యాక అతను వైర్లు చుట్టుకుంటుంటే, సలోమి అక్క చంటిపిల్లల తల్లుల మధ్య కుళాయి దగ్గర నిలబడింది. పక్కకెళ్ళి నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో బస్సులో అంతసేపూ అనుకున్నవన్నీ పోయాయి.

"అక్కా, చెప్పింది నేనే. మా కూడికలో విన్నపం పెట్టాను. సుశీలమ్మగారు మీ ఆయనకు మేనత్త అని తెలియదు. మొన్న అడిగితే అబద్ధం చెప్పాను."

ఆమె కుళాయి కింద చేతులు కడుక్కుంటూనే ఉంది. తర్వాత కట్టేసింది.

"పోయిన మంగళవారం ఆసుపత్రి నుంచి వస్తా, ఆదిల్ భాయ్ కొట్టు ముందర నిలబడి ఆమెని నానా మాటలన్నా. బజారంతా విన్నది. ఆమె ఒక్క మాట తిరిగి అనలా."

"అక్కా, నేను..."

"నువ్వాగు." అంతవరకూ మేడం, మీరు. ఇప్పుడు నువ్వు. "నా మీద జాలి పడ్డావు. జాలి పడినోళ్ళకి నోరాగదు. మా ఆయన కొట్టేటప్పుడు ఎప్పుడు కొడతాడో నాకు తెలిసేది. నీది తెలీలా."

ఏడుపొచ్చింది. ఇక్కడ ఏడిస్తే ఆమెకే ప్రమాదమని ఆపుకున్నాను.

సుధీర్ బాబు ఇటు చూశాడు. ఆమె చంటిపిల్లనొకదాన్ని ఎత్తుకుని, నవ్వు ముఖంతో, పెదాలు కదిలీ కదలకుండా మిగతాది చెప్పింది. బుధవారం సంఘ పెద్దలు గుళ్ళో కూర్చుంటారు. భార్యాభర్తల్ని సమాధానపరుస్తారు. అతను క్షమాపణ అడుగుతాడు. ఆమె ఇల్లు విడిచిపోనని అందరి ముందూ మాటివ్వాలి. ఇచ్చాక ఎప్పుడు గడప దాటినా మాట తప్పిన మనిషి అవుతుంది, ఊళ్ళో ఒక్కరూ ఆమె పక్కన నిలబడరు.

"బుధవారం వస్తావా? మా పాస్టరమ్మగారికి నేను చెప్తాలే, సుశీలత్త వీధిలో అమ్మాయి అని. నా పక్కన కూర్చో. నువ్వేం మాట్టాడొద్దు. నువ్వు మాట్టాడింది చాలు."

జూన్ 3

శ్రీదివ్య మేడమ్‌కి మొత్తం చెప్పాను. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ఈ రోజు నుంచి నువ్వు ఫీల్డులో లేవు అంది. ఐడీ కార్డు పంపమంది. రేపు వెళుతున్నానంటే, "మా తరఫున కాదు" అంది. కాదు మేడమ్ అన్నాను. ఫోను పెట్టేసే ముందు "నిన్ను నేనే సెలెక్ట్ చేశాను ప్రశాంతీ" అంది. దానికంటే కేకలేస్తే బాగుండేది.

జూన్ 4, బుధవారం

ఎక్కడా ఆపకుండా రాయాలి. ఆపితే నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

గుళ్ళో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. పాస్టరు దేవదాసుగారు, ఆయన భార్య, ఇద్దరు సంఘ పెద్దలు, సుశీలమ్మ ఆంటీ. నన్ను చూసి ఆంటీ సంతోషంగా తల ఊపింది. తన ప్రార్థన ఫలించడం చూడ్డానికి వచ్చాననుకుంది. నిఖితను సలోమి అక్క వెంట తీసుకురాలేదు. ఎక్కడుందని ఎవరో అడిగితే స్నేహితురాలింట్లో అంది.

సుధీర్ బాబు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన కోపం, తన బలహీనత, తను భార్యను ఎంత బాధపెట్టాడో, అన్నీ చెప్పాడు. ఏడ్చాడు. నటన అనను. నిజంగానే ఏడ్చాడు. నాకు భయం వేసింది అందుకే. పెద్దల్లో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మా సలోమీ, నీ భర్త నలుగురిలో తగ్గించుకున్నాడు" అన్నారు దేవదాసుగారు. మంచిమనిషే, గొంతులో ఎక్కడా బెదిరింపు లేదు. "ప్రార్థన చేసుకుందాం. అయినాక నువ్వు, ఇల్లు విడిచి పోనని ఒక్క మాట అను. అంతటితో ముగిద్దాం."

ఆడవాళ్ళం తల మీదికి కొంగు లాక్కున్నాం. అందరూ తలలు వంచారు. ప్రార్థన మొదలైంది.

"అయ్యగారూ, కళ్ళు మూయమాకండి" అంది సలోమి అక్క.

నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. ప్రార్థన అనగానే చిన్నప్పటి నుంచీ వాటంతటవే మూతపడతాయి. ఆమె పక్కన కూర్చోవడానికని వెళ్ళి, అందరితో పాటు నేనూ మూసుకున్నాను. ఆ మాట విన్నాకే తెరిచాను.

ఆమె లేచి నిలబడింది. కొంగు తల మీద నుంచి తీసేసింది. అటు తిరిగి జడ పైకెత్తింది. మెడ వెనక, ఇస్త్రీ పెట్టె మొన అచ్చు పడినట్టు, కాలిన చర్మం. అంచులు ఇంకా మానలేదు.

"సుశీలత్తయ్యా, ఇది మీరు వచ్చిపోయిన మర్నాడు. చెయ్యెత్తనని మీకు మాటిచ్చాడుగా. నిజమే, చెయ్యెత్తలా. ఇస్త్రీ పెట్టె ఎత్తాడు. ఎవురికి చెప్పావే, ఎవురికి చెప్పావే అని అడుగుతా పెట్టాడు. చెప్పటానికి నాకు తెలిస్తేగా."

ఆ నర్సమ్మ ఫోను గుర్తొచ్చింది. సలోమి అక్క ఆ రోజు ఆసుపత్రిలో ఉంది కట్టు మార్పించుకోవడానికి. ఎందుకున్నావక్కా అని నేను అడగనే లేదు. నా గురించి అడుగుతుందేమోనన్న భయంలో ఉన్నాను.

 ఆమె ఇటు తిరిగింది. 

"క్షమించానా లేదా అనేది దేవుడితో నేను చెప్పుకుంటా. మీతో చెప్పేది ఒకటే. నేనీ ఇంట్లో ఉండను. మా పిల్ల టీసీ, ఆధార్లు, నా ఫోను ఆయన దగ్గరున్నై. ఇప్పించండి. ప్రార్థన మీరు తర్వాత చేసుకోండి."

"ఇంటికి పోదాం పద. చానా అయింది" అన్నాడు సుధీర్ బాబు. ఏడుపు అప్పుడే ఆరిపోయింది. మెత్తటి గొంతే, ఫోనులో విన్న గొంతు. లేచి ఆమె వైపు వచ్చాడు. మగవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. నేనూ లేవలేదు. నిజం రాయాలి కదా, లేవలేదు.

లేచింది సుశీలమ్మ ఆంటీ. అతని ఛాతీ దాకా కూడా రాదు ఆవిడ. వెళ్ళి ఇద్దరి మధ్య నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"తాళంచెవులియ్యరా."

"నువ్వు పక్కకు జరుగత్తా."

ఆవిడ జరగలేదు. అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టి తాళాల గుత్తి తీసుకుంది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా. ఆవిడ గాజు విరిగి కింద పడింది. అప్పుడు దేవదాసుగారు లేచి "సుధీర్, చెయ్యి వదులు" అన్నారు. ఇంకోసారి అన్నారు. వదిలాడు.

ఆంటీ, పాస్టరమ్మగారు కలిసి వెళ్ళి ఒక సంచిలో కాగితాలు, ఫోను తెచ్చారు. వాళ్ళు వచ్చేదాకా దేవదాసుగారు గుమ్మంలో నిలబడే ఉన్నారు, అతన్ని బయటకు పోనివ్వకుండా. సంచి ఇస్తూ ఆంటీ "అమ్మా, నేను మంచే జరుగుద్దనుకున్నా" అంది. సలోమి అక్క "తెలుసు అత్తయ్యా" అని సంచి తీసుకుంది.

గుడి నుంచి నేరుగా ఆదిల్ భాయ్ కొట్టుకు వెళ్ళాం. నిఖిత అక్కడే ఉంది, బట్టల బ్యాగుతో. స్నేహితురాలు అంటే ఎవరో అప్పుడు అర్థమైంది. నేను నిజం చెప్పిన మర్నాడే సలోమి అక్క కట్టు మార్పించుకునే నెపంతో వచ్చి ఆదిల్ భాయ్ భార్య కాళ్ళు పట్టుకుందట. "కాళ్ళు పట్టుకుంటే ఎవడికి కావాలి, పిల్లని ఇక్కడ దింపు ముందు" అందట ఆవిడ. ఇవాళ నన్ను చూసీ చూడనట్టు పక్క నుంచి దాటిపోయింది. ఆటో పిలిచి వాళ్ళ సామాను తనే ఎక్కించింది.

హైవే మీద బస్సులాగే చోట దిగాం. అటు మిర్యాలగూడ వైపు పోయేవి, ఇటు పిడుగురాళ్ళ వైపు పోయేవి.

"గుంటూరు పని పోయింది కదక్కా, మరి ఎక్కడికి..."

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నీకు చెప్పను ప్రశాంతీ. కోపంతో కాదు. కోపం ఉంది, అది వేరే సంగతి. నీకు తెలిస్తే ఇంకొకళ్ళకి తెలుస్తది. ఏ బస్సెక్కుతానో కూడా చూడొద్దు. అటు తిరుగు."

తిరిగాను. ఎదురుగా పంక్చరు కొట్టు. పాత టైర్లు, నీళ్ళ తొట్టి. వెనక ఒక బస్సు ఆగింది, కదిలింది. అవతల ఇంకోటి ఆగింది. కండక్టరు ఏదో ఊరి పేరు అరిచాడు, లారీ హారన్‌లో కలిసిపోయింది. "అమ్మా, ఇదేనా" అని నిఖిత గొంతు. జవాబు వినిపించలేదు. నేను తిరగలేదు. ఎండ నడినెత్తిన ఉంది. ఎన్ని బస్సులు పోయాయో లెక్కపెట్టలేదు.

కొట్టులోని ముసలాయన టైరు పక్కనపెట్టి నా వైపు చూశాడు. "ఎవురికోసరమమ్మా నిలబడ్డావు? ఆ తల్లీబిడ్డా అప్పుడే ఎక్కి పోయారుగా. అదిగో, ఆ..."

"చెప్పొద్దు తాతా" అన్నాను. ఆయన చెయ్యెత్తి చూపించబోతున్నాడు. నేను కళ్ళు మూసుకుని, రెండు చెవులూ మూసుకుని, రోడ్డు పక్కన అలాగే నిలబడ్డాను.